దస్తీలో ముడేసిన గోలీలు

"ఒక్క దినం గూడ తప్పలే సార్. కావాలంటే మా ఇంటామెను అడుగుండ్రి" అని గుండె డాక్టరు ముందు గట్టిగా చెప్పాను. చెప్పి, పక్క కుర్చీలో ఉన్న నా భార్య వైపు సాక్ష్యం కోసం చూశాను కూడా. ఆమె ఒళ్లో సంచి పట్టుకుని నేల చూస్తోంది.

నాకు గుండెకు స్టెంట్ వేసి ఏడాది దాటింది. రోజూ రాత్రి అన్నం తిన్నాక కొలెస్ట్రాల్ గోలీ ఒకటి మింగాలి. మొదటి పరీక్షలో బాగా తగ్గిన చెడు కొలెస్ట్రాల్ ఈసారి మళ్లీ పెరిగింది. "గోలీ సరిగ్గ వేసుకుంటె గిట్ల పెరగొద్దు అంకుల్" అని డాక్టరు రెండుసార్లు అన్నాడు. నేను రెండుసార్లూ ఒట్టేసినంత పని చేశాను. అయితే డోసు డబుల్ చేద్దామని ఆయన పెన్ను తీశాడు.

"ఆగుండ్రి సార్" అంది నా భార్య. "ఆయన మింగలే. నేనే ఇయ్యలే."

సంచిలోంచి దస్తీ తీసి, ముడి విప్పి బల్ల మీద పెట్టింది. అందులో రెండు నెలల గోలీలున్నాయి. స్ట్రిప్పులోంచి ఒత్తి తీసినవి తీసినట్టే ఉన్నాయి. "పారేయ బుద్ధి గాలే, మందు గదా" అంది, అదేదో ఘనకార్యం చేసినట్టు.

నేను బస్సు కండక్టరుగా చేసి రిటైరైన వాణ్ణి. టికెట్ తీసుకోని వాణ్ణి మొహం చూసి పట్టేవాణ్ణి. కిటికీలోంచి బయటికి మరీ శ్రద్ధగా చూస్తున్నాడంటే వాడే. అలాంటి నాకు, నా ఇంట్లోనే, అరచేతిలో ఆ గోలీ బదులు తెల్లటి బలం గోలీ పెట్టి, నీళ్ల గ్లాసు అందించి, రెండు నెలలు మోసం చేసింది. ఆమె చేతిలోంచి ఏది వస్తే అది మింగడం నాకు అలవాటు. కూరలో ఏం వేశావని ఒక్కనాడూ అడిగిన పాపాన పోలేదు. అంత నమ్మినందుకు డాక్టరు ముందు నన్ను అబద్ధాలకోరును చేసింది.

"ఎందుకు ఇయ్యలేదమ్మా?" అని డాక్టరు అడిగాడు.

"గీ గోలీ మొదలైనంక కాళ్లు గుంజుతున్నయని ఒకటే మొత్తుకున్నడు సార్. పిక్కలు వట్టుకోని కూసునేటోడు. కుర్చీలకెల్లి లేవాలంటే గోడ వట్టుకునుడే."

డాక్టరు నా వైపు తిరిగాడు. "పోయినసారి అడిగితె ఏం బాధ లేదన్నరు గదా అంకుల్?"

అన్నాను. నొప్పి అని చెబితే గోలీ ఆపేస్తాడేమో, ఆపితే గుండె మళ్లీ మొరాయిస్తుందేమో అని భయపడ్డాను. జీవితమంతా బస్సులో నిలబడ్డ కాళ్లకు నొప్పేమిటన్న పొగరు కూడా ఉంది. ఇంట్లో మాత్రం ఆమెను ఆటపట్టించేవాణ్ణి. ఆమెది మర్రిగూడ, ఎముకలు వంచేసే ఫ్లోరైడ్ నీళ్ల ఊరు. "మీ అమ్మగారింటి నీళ్లు తాగిన గదా, గిప్పుడు పనిచేస్తున్నయి" అని నవ్వేవాణ్ణి. ఆమె నవ్వేది కాదు.

తర్వాత ఉన్నట్టుండి నొప్పులు పోయాయి. గోలీ నా ఒంటికి అలవాటైందని నలుగురికీ గొప్పగా చెప్పుకున్నాను. నా ఒళ్లు ఎంత గట్టిదో చూశావా అని ఆమెతోనే అన్నాను. ఆమె నా పళ్లెంలో ఇంకో జొన్నరొట్టె వేసింది. ఆ రొట్టె తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

డాక్టరు ఇద్దరినీ తిట్టాడు, నన్ను ఇంకాస్త ఎక్కువ. "స్టెంట్ పడ్డ మనిషి గీ స్టాటిన్ గోలీ మీ అంతల మీరే బంద్ చేస్తె పాణం మీదికొస్తది. నొప్పుంటె నాకు చెప్పాలె. రక్తం పరీక్ష చేసి డోసు తగ్గిస్త, లేకుంటె గోలీ మారుస్త. ఒళ్లు నొప్పులతోని మూత్రం ఎర్రగ, నల్లగ వస్తె ఆ దినమే దవాఖానకు రావాలె. వేరే ఎవ్వలు ఏ గోలీ ఇచ్చినా నాకు చూపెట్టినంకనే మింగాలె." కండరాల పరీక్ష రాశాడు. అది బాగానే వచ్చింది. వేరే గోలీ తక్కువ డోసుతో మొదలుపెట్టి, మళ్లీ రక్తపరీక్షకు రమ్మన్నాడు.

నల్లగొండ బస్టాండు దాకా ఆమెకు నాలుగడుగులు ముందే నడిచాను. బస్సు కదిలాక ఇక ఆపుకోలేకపోయాను. "నా పాణంతోని ఆడుకున్నవు" అన్నాను.

"మా బాపుకు గిట్లనే మొదలైంది" అంది. "పిక్కలు గుంజుడు, గోడ వట్టుకునుడు. నీళ్లు మంచియే, తాగుండ్రి అని ఊరికొచ్చిన ఆఫీసర్లందరు చెప్పిండ్రు. తాగిండు. నడుము వంగి మంచాన వడ్డడు. నిన్ను చూస్తె మా బాపే యాదికొచ్చిండు. డాక్టరుకు చెప్తవని చూసిన. నా ముంగటనే ఏం బాధ లేదన్నవు. ఇగ నేనెవ్వలికి చెప్పాలె?"

కోపం మాత్రం అలాగే ఉంది. భయమైతే నాతో పోట్లాడాలి, డాక్టరుకు తనే చెప్పాలి. కాళ్లు కాపాడబోయి గుండెను గాలికి వదిలేసింది. ఆ రెండు నెలల్లో నాకేమన్నా అయి ఉంటే, ఎందుకు పోయానో నాకు తెలిసేది కూడా కాదు.

ఇప్పుడు గోలీ నేనే తీసుకుంటాను. ఆమె నీళ్లు మాత్రమే తెస్తుంది. కాళ్లు బాగానే ఉన్నాయి. మొన్న కళ్లద్దాలు దొరకలేదు. స్ట్రిప్పు మీద అక్షరాలు ఆనలేదు. "గిది గదేనా?" అని చూపించాను. "గదే" అంది. మింగాను. ఆమె వంటింట్లోకి పోగానే లేచి, అద్దాలు వెతికి పెట్టుకుని, స్ట్రిప్పు దీపం కిందికి తెచ్చి పేరు చదివాను. అదే గోలీ. తలెత్తితే ఆమె గుమ్మంలో నిలబడి ఉంది.

"చూసినవా?" అంది.

"చూసిన" అన్నాను. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.