పొర చినగని గింజ

మా అత్త పోయిన కబురు ఫోన్లు చేసి అందరికీ చెప్పింది నేనే. "ఏమన్నా బాధపడిందా?" అని ప్రతి ఒక్కరూ అడిగారు. "లేదు, నిద్రలోనే పోయింది" అని ప్రతి ఒక్కరికీ చెప్పాను. పోవడం నిద్రలోనే పోయింది. కానీ అంతకు ముందు నాలుగు నెలలు బాధపడింది, ఆ బాధ పెట్టింది మేమే. అది ఫోన్లో చెప్పే మాట కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

మాది మైదుకూరు దగ్గర పల్లె. మెట్టచేలో చెనక్కాయ వేస్తాం. విత్తనానికి మాత్రం కాయలు మిషన్‌కు వేయకూడదు, చేత్తోనే ఒలవాలని అత్త పట్టుదల. మిషన్‌లో గింజ మీది ఎర్రపొర చినుగుతుంది, పొర చినిగిన గింజ మొలవకుండా మట్టిలోనే కుళ్ళిపోతుంది. నేను కాపురానికి వచ్చిన ఏడు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని నేర్పింది. "కొట్టగాకు అమ్మీ, ముక్కు మీద వొత్తు. అదే నోరు తెరుస్తాది" అనేది. నేను పొర చించిన గింజలన్నీ ఏరి నా ఒళ్ళో వేసి, "ఇవి నువ్వే తిను" అనేది. ఆ వారం నేను అన్నం కంటే చెనక్కాయలే ఎక్కువ తిన్నాను.

మూడేళ్ళ కిందట ఆమెకు మతిమరుపు మొదలైంది. మొదట పొయ్యి మీది పాలు మరిచిపోయింది, తర్వాత దినాలు, ఆ తర్వాత మనుషులు. మామ పోయి పదేళ్ళయింది. "మీ మామ యాడికి పాయ, ఇంకా అన్నానికి రాలేదే" అని గడప కాడ నిలబడేది. నన్ను చూసి "ఎవురు మా నువ్వు?" అనేది. సాయంత్రమైతే చాలు, ఇంటికి పోతానని బయలుదేరేది, తన ఇంట్లోనే నిలబడి. పట్టుకుంటే రక్కేది. నేనూ అరిచేదాన్ని. ఒకరోజు చెయ్యి కూడా ఎత్తాను. అత్త దెబ్బ తప్పించుకోవడానికి తల వంచుకున్న తీరు నేను మరిచిపోలేను.

మర్నాడు నేను వసారాలో కూర్చుని విత్తనానికి కాయలు ఒలుస్తున్నాను. అత్త వచ్చి పక్కన కూర్చుంది. చాట తన ముందరికి లాక్కుంది. కాయ తీసుకుని ముక్కు మీద వొత్తింది. నా పేరు తెలియని మనిషి పొద్దు కుంకేదాకా అట్లాగే ఒలిచింది, ఇంటికి పోతానన్న మాటే ఎత్తలేదు. తర్వాత లైటు కింద గింజలు చూశాను. ఒక్కదానికీ పొర చినగలేదు.

ఆ రోజు నుంచి అదే పని. ఆ పూటకు దించిన కాయలు అయిపోతే గింజల్లో అలసందలు కలిపి పోసేదాన్ని. ఆమె రెండూ వేరు చేసేది, నేను మళ్ళీ కలిపేదాన్ని. ఒకరోజు నా ముఖం లోకి చూసి, "నిన్నటివే కదా మా ఇవి?" అంది. నేను చాట ఆమె ముందరికి జరిపాను. "సర్లే, నీకూ పని జరగల్ల కదా" అని నవ్వి మళ్ళీ ఏరుకుంది. కడపలో డాక్టరు కూడా, "ఈ పని మాత్రం మాన్పించొద్దమ్మా" అని చెప్పాడు.

మాన్పించింది మా ఆడబిడ్డ. వాళ్ళది కడప. ఆమె భర్తకు ఎలక్షన్లలో నిలబడాలని ఉంది. ఒకరోజు కారులో పెద్దమనుషులను వెంటబెట్టుకుని ఇద్దరూ దిగారు. వసారాలో అత్త తల నిండా పొట్టు, చీర నిండా దుమ్ము.

"పదిమందికి కూలి ఇచ్చిన చెయ్యి అది! మా అమ్మతో కూలి పని చేపిస్తాండావా? చూసినోళ్ళు ఏమనుకుంటారు?" అంది ఆడబిడ్డ.

డాక్టరు చెప్పాడన్నాను. "యా డాక్టరు మా కూలి చేయమనేది?" అంది. నా మొగుడు నేల చూపులు చూశాడు. వాళ్ళు పోయాక, "ఎందుకొచ్చిన గొడవ మే, ఆపేయి" అన్నాడు. నేను ఆపేశాను. కొట్లాడలేదు. ముసలామెతో పని చేయిస్తోందన్న వీధిలో వాళ్ళ మాటలు అప్పటికే నాకూ గుచ్చుకుంటున్నాయి మరి. చెనక్కాయల సంచి అటకెక్కింది. ఆడబిడ్డ తల్లికి పెద్ద టీవీ పంపించింది.

అత్త టీవీ వైపు చూడనైనా లేదు. చీర అంచు దారాలు పీకింది. దుప్పటి పీకింది. పీకడానికి ఏమీ దొరక్కపోతే తన ముంజేతి మీది చర్మాన్నే గోళ్ళతో ఒలుచుకుంది. నెత్తురు వచ్చిందని ఫోన్ చేస్తే, "చేతులకు గుడ్డ చుట్టు" అంది ఆడబిడ్డ. చుట్టాను. ఆ రెండు గుడ్డ మూటలూ నా ముందుకు చాచి, "విప్పు మా, పనుండాది" అని అడిగేది. "రేపు విప్పుతాలే అత్తా" అనేదాన్ని. సంచి అటక మీదే ఉంది. నిచ్చెన వేసుకుంటే చాలు. నాకు ఎవరు అడ్డం వచ్చారు? పోయేదాకా ఆమె ఆ మాట అడుగుతూనే ఉంది.

పెద్దదినం నాడు చట్నీకని ఆ సంచి దించారు. భోజనాలయ్యాక ఆడబిడ్డ వసారాలో అత్త కూర్చునే చోటే కూలబడింది. చుట్టాలు అత్త మంచితనం గురించి మాట్లాడుతున్నారు. వింటూ వింటూనే ఆమె చెయ్యి, చట్నీకి పోను మిగిలిన కాయలున్న చాట లోకి పోయింది. ఒక కాయ చిదిమింది. ఇంకొకటి చిదిమింది. వీధిలో పోయేవాళ్ళు చూస్తున్నారు, ఆమెకు ఆ ధ్యాసే లేదు. "కూలి పని చేస్తాండావా వదినా?" అని నా నోటి దాకా వచ్చింది. అంతలో ఆమె అరచెయ్యి చాచి నాకు చూపించింది. గింజలన్నిటికీ పొర చినిగి ఉంది.

"అమ్మకు ఎట్ల వచ్చేది మా?" అంది.

ఆ గింజలు తీసుకుని సగం నా ఒళ్ళో వేసుకున్నాను, సగం ఆమె ఒళ్ళో వేశాను.

"ఇవి మనమే తినాల వదినా" అన్నాను.

ఒకరి ముఖం ఒకరం చూసుకోకుండా ఇద్దరం అవి అయిపోయేదాకా తిన్నాం.