పొదుగు మీద ఉన్న పెట్ట

ఎనభైల మొదట్లో మేం విశాఖలో పోర్టు క్వార్టర్స్‌లో ఉండేవాళ్లం. నాన్న రేవులో కలాసీ. నేను పదో తరగతి తప్పాను. మళ్లీ పరీక్ష కడతానంటే ఆ డబ్బు దండగన్నారు. ఇంట్లో కూర్చోబెట్టి పెరట్లో కోళ్లు అప్పగించారు. అప్పగించారన్నది మాటవరసకే. ఏ కోడిని ఎప్పుడు కొయ్యాలో చెప్పే హక్కు నాకు లేదు, గూట్లో పెంట ఎత్తే హక్కు మాత్రం పూర్తిగా నాదే.

రేవు నుంచి తెచ్చిన పెట్టెచెక్కలతో నాన్న గూడు కొట్టాడు. దాని ముందు నాలుగు కర్రలు పాతి, చిరిగిన చేపల వల కప్పి కోడిపిల్లలకి దడి కట్టాం. గద్దల బెడద తప్పింది గానీ ముంగిసకి ఆ వల ఒక లెక్క కాదు. పిల్లలకి నూకలూ చోడిపిండీ వేసేదాన్ని. పెద్దవాటిని పొద్దున్నే వదిలేస్తే ఊరంతా తిరిగి సాయంత్రానికి గూటికి చేరేవి. రేవులోని ఇనుప ఖనిజం దుమ్ము పడి తెల్లకోళ్లు కూడా ఎర్రగా తయారై వచ్చేవి.

అక్కని సబ్బవరం ఇచ్చాం. బావ ఆదివారం పదింటికల్లా బస్సు దిగేవాడు. ఆయన దిగితే కోడి తెగాల్సిందే. ఒకసారి కోడి లేక అమ్మ ఎండుచేపల పులుసు పెడితే, కంచంలో చెయ్యి కడిగేసుకుని లేచిపోయాడు. వెంట తెచ్చిన అక్కని రెండు నెలలు మా ఇంట్లోనే వదిలేశాడు. కూర నచ్చలేదని పెళ్లాన్ని వదిలేసిన మగాణ్ణి అప్పుడే చూశాను. ఆ తర్వాత నుంచి అమ్మకి ఆదివారం వస్తోందంటే గుండె దడ. అందుకని ప్రతి శనివారం సాయంత్రం ఒక కోడిని పట్టి గంప కింద మూసిపెట్టేదాన్ని.

ఆ వేసవిలో మా నల్లపెట్ట పొదుగుకొచ్చింది. అమ్మ గంపలో ఊక పోసి పన్నెండు గుడ్లు పేర్చింది. ఉరుములకి గుడ్లు మురిగిపోకుండా ఒక ఇనుప మేకు, బొగ్గుముక్క, ఎండుమిరపకాయ వేసి, పెట్టని కూర్చోబెట్టింది.

"ఈ పొదుగు నీదేనే. పిల్లలైనాక ఒక్కదాని మీదా నాను సెయ్యెయ్యను" అంది.

ఆ ఇంట్లో నాది అని ఎవరైనా అనడం అదే మొదలు. ఆ పిల్లలు పెద్దవైతే అమ్ముకుని పరీక్ష ఫీజు నేనే కట్టుకుందామనుకున్నాను. అమ్మకి చెప్పాను కూడా. నవ్వింది. రోజుకోసారి పెట్ట దిగి నాలుగు గింజలు తిని వచ్చేదాకా గంప దగ్గరే కాపలా కాసేదాన్ని.

పంతొమ్మిదో రోజు శనివారం. ఇంకో రెండు రోజుల్లో పిల్లలౌతాయి. గోరువెచ్చటి నీళ్లలో గుడ్లు ఒక్కొక్కటే వదిలి చూశాను. లోపల పిల్ల బతికుంటే గుడ్డు నీళ్ల మీద తనంతట తనే అదురుతుంది. పదకొండు అదిరాయి. తుడిచి మళ్లీ పెట్ట కింద సర్దాను.

డ్యూటీ పడింది, రానని బావ కబురు పంపాడు. అందుకని ఆ సాయంత్రం గంప కింద దేన్నీ మూయలేదు. ఆదివారం పొద్దున్నే కోళ్లన్నిటినీ వదిలేసి చర్చికి వెళ్లిపోయాను. ఆరాధనయ్యాక సండే స్కూలు పిల్లలకి పాటలు నేర్పి ఇంటికొచ్చేసరికి ఒంటిగంట దాటింది. గుమ్మంలో బావ చెప్పులు. కుళాయి దగ్గర నల్లటి ఈకలు.

గంపలో గుడ్లు ఉన్నాయి. చెయ్యి పెడితే ఇంకా కాస్త వెచ్చగా తగిలాయి.

అమ్మ పొయ్యి దగ్గర నుంచి లేవలేదు. "ఏటి సెయ్యమంటావే? డూటీ తప్పిందని సెప్పకుండా దిగిపోనాడు. మిగతావి ఒక్కటీ సిక్కనేదు. ఇదొక్కటే కదలకుండా కూకుంది."

నిజమే. పారిపోయిన కోళ్లన్నీ బతికాయి. గుడ్లు వదలలేక కూర్చున్న కోడిని చేత్తో ఎత్తుకొచ్చి కోశారు.

బావ మంచి భక్తిపరుడు. కంచం ముందు కళ్లు మూసుకుని, ఈ ఆహారం సిద్ధం చేసిన చేతుల్ని దీవించు ప్రభువా అని ప్రార్థన చేశాడు. రెండు ముద్దలు తిని, "ఏటత్తా, కోడి మరీ బక్కగా ఉంది" అన్నాడు. పొదుగు మీదున్న పెట్ట సరిగ్గా తినదని ఆయనకి ఎవరూ చెప్పలేదు.

గుడ్లని పాత దుప్పట్లో చుట్టి కిరసనాయిలు స్టవ్ పక్కన పెట్టాను. మర్నాడు ఇంకో పెట్ట కింద పెడితే అది తన్నుకుని లేచిపోయింది. గురువారం దాకా చూసి పెరట్లో పాతిపెట్టాను. పరీక్ష ఆ ఏడూ కట్టలేదు, ఆ తర్వాతా కట్టలేదు.

ఈ సంగతి నా పిల్లలకి ఎన్నోసార్లు చెప్పాను. ఎప్పుడు చెప్పినా తప్పంతా అమ్మదీ బావదీ అన్నట్టే చెప్పాను. ఆ మధ్యాహ్నం తర్వాత జరిగింది మాత్రం చెప్పలేదు.

బావ తిని పడుకున్నాక అమ్మ నన్ను వంటింట్లోకి పిలిచింది. ఎప్పుడూ అల్లుడి కంచంలోకే వెళ్లే కార్జం ఆ రోజు నాకోసం దాచి ఉంచింది. అన్నం మీద పెట్టి, నా మొహం చూడకుండా "తినే అమ్మా" అంది. కంచం విసిరికొట్టాల్సింది. పొద్దుట్నుంచి ఏమీ తినలేదు, ఆకలి దంచేస్తోంది. కూర్చుని తిన్నాను. చాలా బాగుంది. ఇంకొంచెం పులుసు వెయ్యమని అడిగాను.