గుసగుసల పరీక్ష

మా బొగ్గు గని కాలనీలో గడప బయట బూట్లు కనిపిస్తే గొంతు తగ్గించాలి. ఇది ఎవరూ రాసిపెట్టిన నియమం కాదు, కానీ తప్పినవాళ్లను నేను చూడలేదు. బయట బూట్లున్నాయంటే బాయిలో, అంటే గనిలో, నైట్ షిఫ్ట్ చేసి వచ్చిన మనిషి లోపల పడుకున్నాడని అర్థం. కూరగాయల బండి ఆయన మా లైను మొదట్లో "టమాటా, వంకాయ" అని ఊరంతా వినపడేలా అరుస్తూ వస్తాడు. బూట్లున్న ఇంటి ముందుకు రాగానే చాడీ చెప్పినట్టు "టమాటా" అని మెల్లగా అనేసి దాటిపోతాడు. పెళ్లి పిలుపులకు వచ్చిన చుట్టాలు కూడా బొట్టు పెట్టి, కార్డు చేతిలో పెట్టి, "తప్పకుండా రావాలి" అన్నది సైగలతో చెప్పి వెళ్తారు.

ఈ విషయంలో మా ఆయనంత చండశాసనుడు మా లైనులోనే లేడు. నిద్రపోతున్నా ఆయన చెవులు డ్యూటీలోనే ఉంటాయి. పక్కింట్లో గిన్నె జారితే చాలు, మంచం మీద నుంచే "ఏందే ఆ లొల్లి? నైట్ షిఫ్టోళ్లను పండనియ్యరా?" అని గోడ అదిరేలా అరుస్తాడు. ఆ అరుపుకు నాలుగిళ్లవాళ్లు లేచి కూర్చుంటే తాను మాత్రం మళ్లీ గురక పెడతాడు.

ఇలాంటి ఇంట్లో పుట్టింది కాబట్టే మా అమ్మాయి అంత మెల్లగా మాట్లాడుతుందని అందరూ అనుకునేవాళ్లు. "ఎంత నెమ్మదస్తురాలు!" అని మెచ్చుకున్న ప్రతిసారీ నాకు ఒళ్లు మండేది. ఆ పిల్ల నోరు నొక్కింది బూట్లు కాదు, పుస్తకం. తరగతిలో లేచి చదవమంటే అక్షరాలు దాని కళ్ల ముందు ఒకదాని చోట ఒకటి కూర్చునేవి. తప్పు చదివితే పక్కవాళ్లు నవ్వుతారు. అందుకని తప్పు బయటికి వినపడకుండా గొణిగేది. గొణిగి గొణిగి చివరికి దాని గొంతే అంత అయిపోయింది.

దీనికి మేం చేయని వైద్యం లేదు. కళ్లు చూపించాం. కళ్లు బంగారంలా ఉన్నాయి, అద్దాలు అక్కర్లేదని డాక్టర్ పంపేశాడు. అంత దూరం వెళ్లి ఉత్త చేతులతో ఎలా వస్తామని మా ఆయన దానికి చలువ అద్దాలు కొనిచ్చాడు. మా అత్త వారం వారం దిష్టి తీసింది. జ్ఞాపకశక్తికి మంచిదని ఎవరో చెబితే సరస్వతి ఆకు తెప్పించి పచ్చడి నూరింది. పిల్ల ఒక్కతే తింటే బాగుండదని ఇంటిల్లిపాదీ తిన్నాం. గుణం మా అత్తలో కనిపించింది. పెళ్లయిన కొత్తలో నేను మాడగొట్టిన కూరలన్నీ ఆమెకు వరసగా గుర్తుకు రావడం మొదలైంది.

చివరికి విషయం తేల్చింది, ప్రత్యేక పిల్లల కోసం బడి బడికీ తిరిగే ఒక టీచరమ్మ. మా పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని రకరకాలుగా అడిగి, ఆడించి, నాతో అంది, "బుద్ధికి ఏ లోపం లేదు. అచ్చులో ఉన్నదాన్ని పట్టుకోవడం దానికి కష్టం, అంతే. దీన్ని డిస్లెక్సియా అంటారు. చదవడం మెల్లగా నేర్పుదాం. ఈలోపు పాఠం ఆగిపోకూడదు కదా, చెవితో నేర్చుకోనివ్వండి." ఆమే నా ఫోన్‌లో ఒక ఆప్ పెట్టించింది. పుస్తకంలో పేజీని ఫోటో తీస్తే చాలు, అందులోంచి ఒక ఆడగొంతు ఆ పేజీ మొత్తం చదివి వినిపిస్తుంది. చదువుతున్న మాట మీద పసుపు రంగు పడుతూ పోతుంది. చెవి వింటుంటే కన్ను దాన్ని వెంబడించాలి.

మా ఆయనకు ఇది నచ్చలేదు. "పుస్తకం పిల్లది, చదివేది ఫోను. పరీక్షకు గూడ ఫోన్నే పంపుతవా?" అన్నాడు. ఆ మాటకు నేను మూడు రోజులు ఆయన టిఫిన్ డబ్బాలో వట్టి పప్పే పెట్టాను. ఫోన్ మాత్రం ఆపలేదు. పగలు ఆయన నిద్ర కాబట్టి ఇయర్‌ఫోన్లు కొన్నాను. అక్కడే మా అత్త ప్రవేశించింది.

మా అత్త బడి మొహం చూసిన మనిషి కాదు. మనవరాలు చెవుల్లో ఏదో పెట్టుకుని తల ఊపుతుంటే ఆమెకు కాలు నిలవలేదు. "నాకు గూడ ఒకటియ్యే" అని ఒక బొడిపె లాక్కుని తన చెవిలో పెట్టుకుంది. ఆ రోజు నుంచి ఇద్దరూ ఒకే తీగకు కట్టేసిన కోడెదూడల్లా తిరిగారు. అత్త పొయ్యి మీద పప్పు కలపడానికి లేస్తే పిల్ల లేవాలి. పిల్ల మంచినీళ్లకు వెళ్తే అత్త వెంట వెళ్లాలి. మర్చిపోయి చెరో దిక్కుకు పోయినప్పుడల్లా ఫోన్ మధ్యలో గాలిలో వేలాడేది, నేను పరిగెత్తి పట్టుకునేదాన్ని.

ఆ గొంతు అలుపు లేకుండా చదువుతుంటే మా అత్తకు జాలి వేసింది. "పొద్దటి సంది చదువుతనే ఉన్నదే, గా పిల్లను ఇన్ని నీళ్లన్న తాగనియ్యి" అనేది. అది పేజీ అంకెలు కూడా చదువుతుంది, బొమ్మ కింద రాసినవీ చదువుతుంది. ఖాళీలు పూరించమన్న చోట "డ్యాష్, డ్యాష్, డ్యాష్" అంటూ పోతుంది. అదంతా మా అత్త ఒక్క ముక్క పోకుండా వినేది. కాకపోతే పుస్తకం భాష ఆమెకు సగమే ఎక్కేది. "ఏమన్నదే?" అని మనవరాలిని పొడిచేది. పిల్ల ఫోన్ ఆపి, మన మాటల్లో మళ్లీ చెప్పేది. ఆమె ఊరుకునే రకమా? "ఎందుకు? ఎట్ల?" అని ఇంకో నాలుగు అడిగేది. పిల్ల మళ్లీ వినేది, మళ్లీ చెప్పేది.

ఆహారం జీర్ణమయ్యే పాఠం వచ్చినప్పుడైతే మా అత్త దాన్ని టీవీ సీరియల్ కింద పట్టుకుంది. ఒక అన్నం ముద్ద నోట్లో పడి, గొంతు దిగి, జీర్ణాశయంలోకి వెళ్తుంది. ఒక మధ్యాహ్నం సరిగ్గా అది చిన్నపేగులోకి దిగినప్పుడు ఫోన్ చార్జింగ్ అయిపోయింది. పైగా కరెంటు లేదు. సాయంత్రం దాకా మా అత్త లోపలికీ బయటికీ తిరిగింది. "గా ముద్ద ఇంక గాడనే ఉన్నదా?" అని గంటకోసారి అడిగింది. చివరికి ఆ బాధ చూడలేక పిల్ల తానే మిగతా కథ ఊహించి చెప్పింది. కరెంటు వచ్చాక విని చూస్తే ఇంచుమించు అదే. అప్పుడు మా అమ్మాయి ముఖం నేను చూశాను. ఇంతకాలం పుస్తకమే దాన్ని ఓడించింది. ఆ రోజు పుస్తకంలో ఏముందో ముందే పసిగట్టింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, ఉల్లిగడ్డలు కోస్తున్నానని అబద్ధం చెప్పాను.

అంతలో బడి నుంచి పిలుపు వచ్చింది. వెళ్తే క్లాస్ టీచర్ హోంవర్క్ నా ముందు పెట్టింది. పిల్ల చెబుతుంటే నేను రాసిపెట్టిన జవాబులు అవి. "జవాబులు బాగున్నాయమ్మా. కానీ రాసింది మీరు. దానికి ఎంత వచ్చో నాకెలా తెలుస్తుంది? పరీక్ష పేపరు చూస్తే ఖాళీ. వచ్చే ఏడు కూడా ఏడో తరగతిలోనే ఉంచుదామని అనుకుంటున్నాం" అంది. ఆమె చెడ్డ మనిషి కాదు. కోస్తా నుంచి వలస వచ్చిన ఇంటి పిల్ల, ఇక్కడే బొగ్గు క్వార్టర్లో పుట్టి పెరిగింది. మా వెనక లైనులోనే ఉంటుంది. అయినా ఆ క్షణంలో ఆమె జడ పట్టుకు గుంజాలనిపించింది నాకు.

ఇంటికొచ్చి చెబితే మా అమ్మాయి ఏడవలేదు. "అందరు ఎనిమిదిలకు పోయి నన్ను మళ్ల ఏడులనే కూసోవెడితే నేను బడికే పోనమ్మా" అని మాత్రం అంది, ఎప్పటిలాగే మెల్లగా. అది మంకు పట్టి అన్న మాట కాదని నాకు తెలుసు. నేను మర్నాడు మళ్లీ వెళ్లి టీచర్ బల్ల ముందు నిలబడ్డాను. రాయమనకుండా నోటితో అడగమన్నాను. తరగతిలో అడిగితే అందరి ముందు బిగుసుకుపోతుంది కాబట్టి మా ఇంట్లో అడగమన్నాను. ఆమె కాసేపు ఆలోచించి, "రెండో శనివారం వస్తాను. మీరు మాత్రం అందించకూడదు" అంది.

ఆ శనివారం పొద్దున మా ఆయన నైట్ షిఫ్ట్ నుంచి వచ్చాడు. స్నానం చేసి, తిని, "టీచరు వస్తదట, జర నువ్వు గూడ కూసో" అంటే, "నాకు గవన్ని తెల్వయ్, నేను పండుకుంట" అని లోపలి గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు. కూలర్ మోత మొదలైంది. కన్నబిడ్డ బతుకు తేలే రోజున కూడా ఈ మనిషికి నిద్రే ఎక్కువైందని పళ్లు నూరుకున్నాను.

టీచర్ వచ్చింది. గేటు దగ్గర గట్టిగానే "ఏమండీ, ఉన్నారా?" అంది. రెండడుగులు వేసి గడప ముందు బూట్లు చూసింది. వెంటనే చెప్పులు చేత్తో పట్టుకుని తీసి, పిల్లిలా లోపలికొచ్చి, "మీవారు పడుకున్నారా?" అని గుసగుసగా అడిగింది. నేను తల ఊపాను. ఇక పరీక్షంతా గుసగుసల్లోనే సాగింది. ఆమె వంగి పిల్ల చెవిలో ప్రశ్న ఊదుతుంది. పిల్ల వంగి ఆమె చెవిలో జవాబు ఊదుతుంది. బయటి నుంచి చూసేవాళ్లకు ఇద్దరూ కలిసి ఎవరి కాపురమో కూలుస్తున్నట్టుంటుంది.

నాకు తర్వాత అర్థమైంది, అదే మా అమ్మాయికి మేలు చేసింది. గట్టిగా చెప్పమని అడిగేవాళ్లు లేరు. నవ్వేవాళ్లు లేరు. ఆ ఇంట్లో అందరి గొంతూ దాని గొంతంతే ఉంది.

కష్టమంతా మా అత్తతోనే. ఆమె గుసగుస మామూలు మాట కంటే పెద్దది. టీచర్ "ఆహారం ఎక్కువగా ఎక్కడ జీర్ణమవుతుంది?" అనగానే మా అత్త పీట మీద నుంచి ముందుకు వంగింది. ఇంకో క్షణమైతే చిన్నపేగు బయటపడేది. టీచర్ కోసం పెట్టిన గిన్నెలోంచి నేను ఒక చెకోడీ తీసి అత్త నోట్లో పెట్టాను. పిల్ల చిన్నపేగు అని చెప్పి, ఎందుకో కూడా చెప్పింది. తర్వాత ప్రశ్నకు ఇంకో చెకోడీ. అలా గిన్నె సగమైంది.

చివరికి టీచర్ పుస్తకం మూసేసింది. పుస్తకంలో లేనిది అడిగింది. "ఒక మనిషి తలకిందులుగా నిలబడి ముద్ద మింగాడనుకో. అది కడుపులోకి పోతుందా, పోదా?"

దీనికి జవాబు నాకే తెలియదు. మా అత్త చెకోడీ నమలడం ఆపేసింది. మా అమ్మాయి కళ్లు మూసుకుని కాసేపు ఆలోచించింది. "పోతది టీచర్" అంది మెల్లగా. "ముద్ద బరువుకు జారి పోదు గద. గొంతు కింద గొట్టమే దాన్ని కండరాలతోని తోస్తది. బాయిల బెల్టు మీద బొగ్గు కిందికెల్లి మీదికి వస్తది గద, గట్ల. గాకపోతే బెల్టుకు కరెంటు గావాలె, దీనికి వద్దు."

టీచర్ మూసిన పుస్తకాన్ని పక్కకు జరిపింది. తర్వాత పిల్ల తల మీద చెయ్యి వేసి, అదే గుసగుసలో అంది, "నువ్వు ఎనిమిదో తరగతికి వెళ్తున్నావమ్మా. హెడ్‌మాస్టర్‌తో నేను మాట్లాడతాను. ఇక నుంచి పరీక్షల్లో ప్రశ్నలు నేను చదివి వినిపిస్తాను, నువ్వు నోటితో చెబుదువు గాని."

పిల్లకు అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. తర్వాత అది లేచి నిలబడి, పుట్టిన తర్వాత మళ్లీ ఎప్పుడూ తీయని గొంతు తీసింది. "నానమ్మా! నేను ఎనిమిదిలకు పోతున్న!"

గూట్లో స్టీలు గ్లాసులు మోగాయి. నేనూ, అత్తా, టీచరూ ముగ్గురం ఒకేసారి మూతి మీద వేలు పెట్టుకుని "హుష్! మీ బాపు లేస్తడు!" అన్నాం. టీచర్ కూడా కంగారులో మా భాషే మాట్లాడింది.

లోపలి గది తలుపు తెరుచుకోలేదు. వెనక తలుపు తెరుచుకుంది. అందులోంచి మా ఆయన వచ్చాడు, వట్టి కాళ్లతో, తడిసిన లుంగీతో, పిక్కలు గోక్కుంటూ. గదికి అవతల ఉన్న తలుపులోంచి పెరట్లోకి ఎప్పుడు దాటాడో, కిటికీ కింద బట్టలుతికే బండ మీద ఎంతసేపటి నుంచి కూర్చున్నాడో ఎవరికీ తెలియదు.

"పండుకోలేదా నువ్వు?" అన్నాను.

"ఎట్ల పంటనే? టీచరు ఏమంటదో అని పానమంత గీడనే ఉండె. ఎదురుంగ కూసుండే ధైర్నం లేక ఎన్క కూసున్న. చీమలు కుట్టి సంపినయ్ గని ఒక్క ముక్క వినవడలె. దినాం లొల్లి లొల్లి చేస్తరు, ఇయ్యాల్నే గుసగుసలు పెట్టిండ్రు!"

"నీ బూట్లను చూసే గద!" అన్నాను. నవ్వొస్తోంది, ఏడుపొస్తోంది. వారాల తరబడి ఆయన మీద పెంచుకున్న కోపం పట్టుకుందామన్నా దొరకలేదు.

ఆయన నా మాట వినిపించుకోలేదు. పిల్ల ముందుకు వెళ్లి, గొంతుక్కూర్చున్నాడు. "ఏమన్నది బిడ్డా టీచరు? నాకు చివరిది ఒక్కటే వినవడ్డది, అది గూడ నిజమో కాదో. ఇంకోసారి చెప్పు. గట్టిగ."

పిల్ల నా వైపు చూసింది, గడప అవతల బూట్ల వైపు చూసింది. తర్వాత ఊపిరి పీల్చుకుని మొదటిసారి కంటే గట్టిగా అరిచింది.

గోడ అవతల మంచం కిర్రుమంది. "ఏందే ఆ లొల్లి? నైట్ షిఫ్టోళ్లను పండనియ్యరా?" అని పక్కింటాయన నిద్ర గొంతు వినిపించింది.

మా ఆయన గోడ వైపు తిరిగాడు.

"నా బిడ్డనే అన్నా" అన్నాడు. "జర అరవనియ్యి."