కోట ముందు వంటావార్పు

ఎనిమిదో తరగతితో బడికీ నాకూ చెల్లిపోయింది. ఆ తర్వాత మహబూబాబాద్ స్టేషన్ బయట ఆటో నడిపాను. నేను నోరు తెరవకముందే జనం నవ్వేవాళ్లు, తెరిస్తే ఎలాగూ నవ్వేవాళ్లు. నవ్విన ప్యాసింజరు కిరాయి దగ్గర కొట్లాడడు కాబట్టి నాకూ బాగానే ఉండేది. అలాంటి నేను ముగ్గురు మనుషులను భయపెడతానని మాటిచ్చి ఇరుక్కున్నాను.

భయపెట్టాల్సింది ఆటలో. ఆ ఆటను మాకు తెచ్చింది జనగామ అన్న. హైదరాబాద్‌లో ఇంజనీరింగ్ చదివినప్పుడు హాస్టల్లో నేర్చుకున్నాడట. బల్ల చుట్టూ కూర్చుంటాం. ఒకరు కథ చెబుతారు, ఇదిగో అడవి, ఇదిగో రాక్షసుడు అని. మిగతావాళ్లు తలా ఒక వేషం పట్టుకుని, నేను ఇది చేస్తున్నా అంటారు. చేసింది కుదిరిందో లేదో ఇరవై ముఖాల పాచిక చెబుతుంది. దవాఖానలో నర్సుగా చేసే అక్క మా మంత్రగత్తె, ఆదివారాలు ఆట కూడా ఆమె ఇంట్లోనే. కేసముద్రం మార్కెట్‌లో బస్తాలు మోసే తండా దోస్తు విలుకాడు. నేను ఏ కథలోనైనా దొంగనే. అన్న చెప్పే కథల్లో రాజులు, రుషులు, చివరికి రాక్షసులు కూడా పుస్తకాల తెలుగు మాట్లాడేవారు. దొంగకు మాత్రం మా ఊరి మాట. నవ్వు రావాలి కదా మరి. సినిమాలు చూసి పెరిగిన మనిషి, ఆయననేం అంటాం.

రాష్ట్రం కోసం సమ్మె నడుస్తున్న రోజుల్లో అన్నకు భూపాలపల్లిలో ఉద్యోగం ఖాయమైంది. ఇక కథ చెప్పే మనిషి లేడు. ఆట ఆగిపోతుందని అందరూ అనుకుంటుంటే, నేను చెబుతా అని నా నోరు నన్నడగకుండానే అనేసింది.

అన్న నవ్వలేదు. అదే ఇంకా పరేషాన్ చేసింది. "ఒక్క కథ చెప్పు. మంచిగుంటే డైస్ నీకే ఇచ్చి పోత. లేకుంటే మా ఇంట్ల అటక మీద పెడ్త, అంతే," అన్నాడు.

ఆ ఆదివారాలు పోతే నాకు మిగిలేది ఆటో స్టాండు. అక్కడ నేను జోకరును, దొంగను కూడా కాదు.

ఆటో స్టాండు నుంచే ముగ్గురికీ మెసేజ్ కొట్టాను. "కొత్త కథ. పేరు తలుపు తియ్యని కోట. ఆదివారం పగటీలి, అన్నాలు తిన్నంక, అక్క ఇంట్ల. భయపడేటోళ్లు రావద్దు."

ముందు అక్క ఫోన్ చేసింది. "భయమా? నువ్వు చెప్తవా? తమ్మీ, నవ్వి నవ్వి నాకు నడుం పట్టుకుంటే దవాఖానల నన్ను చూసేటోళ్లు ఎవ్వరు?"

తర్వాత దోస్తు. "అరేయ్, నా విలుకాడు సచ్చిపోడు కద? గింత కష్టపడి పెంచిన."

"చూద్దాం."

"చూసుడేంది రా! సరే, రాజు ఎట్ల మాట్లాడతడు?"

"మనలెక్కనే."

"దయ్యం?"

"దయ్యం కూడ."

వాడు ఫోన్ పక్కకు జరిపాడు. తర్వాత పక్కనున్న హమాలీలకు చెబుతున్నట్టు వినిపించింది. "మా వోని దయ్యం, ఏం రా, మంచిగున్నవా, అంటదట!" మార్కెట్ షెడ్డంతా నవ్వింది. ఫోన్ చెవికి దూరంగా పెట్టినా నవ్వు వినబడుతూనే ఉంది.

అన్న నుంచి పొద్దుగూకే దాకా జవాబు లేదు. చివరికి ఒకే ముక్క వచ్చింది. "డ్రాగన్ ఉంటదా?" లేదన్నాను. "డ్రాగన్ లేని కథకు గంత దూరం నుంచి ఎందుకు రావాలె?" అన్నాడు. ఆ మెసేజ్‌ను ఆ వారమంతా తీసి చూసుకుంటూనే ఉన్నాను, మధ్యలో మారుతుందేమోనని.

సమ్మె వల్ల ఆటో కదలడం లేదు. భయపడటానికి కావలసినంత తీరిక. ఆటో అద్దంలో చూస్తూ దయ్యం గొంతు ప్రాక్టీసు చేస్తుంటే, దారిన పోయే అవ్వ ఆగి, "దవాఖానకు పోరాదా బిడ్డా, గొంతు గట్లున్నది," అని జాలిపడి పోయింది.

ఆదివారం రానే వచ్చింది. రైళ్లు లేవు, బస్సులు లేవు. అయినా అన్న జఫర్‌గఢ్ మీదుగా బైకు మీద వచ్చాడు. దోస్తు నడిచొచ్చాడు. అక్క సమ్మె టెంటు దగ్గర నుంచి నేరుగా వచ్చింది, వేళ్లకు ఇంకా పసుపు ఉంది. పొద్దున వాళ్లు రోడ్డు మీద వంటావార్పు చేశారు. నడిరోడ్డు మీద పొయ్యి పెట్టి, అక్కడే వండి, అక్కడే తిని, దారి వదలకుండా కూర్చోవడం అన్నమాట.

కథ మొదలుపెట్టాను. గుట్ట మీద నల్లకోట, మూసిన తలుపు, మనుషుల అలికిడి లేదు. కాపలావాడు బురుజు మీద నుంచి, "ఎవర్రా అది?" అనగానే ముగ్గురూ ఫక్కున నవ్వారు.

తలుపు దగ్గర ఏం చేస్తారో నేను ముందే ఆలోచించిపెట్టుకున్నాను. పగలగొడతారు, గోడ ఎక్కుతారు, లేదంటే అక్క మంత్రం వేస్తుంది. దేనికైనా నా దగ్గర జవాబుంది.

"తియ్యరా తలుపు? మంచిది," అన్నాడు దోస్తు. "ఈడనే కూసుంటం. మూడు రాళ్లు పెట్టి పొయ్యి ముట్టిస్తున్న."

"నీళ్లు నేను కందకంల ముంచుకొస్త," అంది అక్క.

"అరె, ఆటల గూడ ధర్నానేనా!" అన్న పొట్ట పట్టుకుని నవ్వి, పాచికను తీసి సంచిలో వేసుకున్నాడు. దారం లాగి ముడి కూడా వేశాడు.

కోట ముందు వంట చేసేవాళ్లకు చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. జోకు వేసి లేచిపోదామా అనిపించింది. జోకు నోటి దాకా వచ్చింది కూడా, మింగేశాను.

"ఏం వండుతున్నరు?" అని అడిగాను.

"అన్నం, పప్పుచారు."

"ఉడికింది. పొద్దుగూకింది. కోటల దీపాలు పెట్టలేదు. బురుజు మీది మనిషి ఎప్పుడు దిగిపోయిండో మీరు చూడలేదు."

అంతలో కరెంటు పోయింది. ఫ్యాను మెల్లగా ఆగింది. నవ్వు కూడా దానితోపాటే సన్నబడింది.

అద్దంలో నేర్చుకున్న గొంతు గుర్తుకే రాలేదు. నా గొంతుతోనే, మా వాడకట్టులో ఏ అవ్వయినా అడిగినట్టు అడిగాను.

"తలుపు సందుల నుంచి ఒక ముసలమ్మ పిలుస్తున్నది. బిడ్డా, అన్నం ఉడికిందా? వాసనొస్తున్నది. జర ఇంత లోపలికియ్యుండ్రి. మేం గూడ గిట్లనే కూసున్నం, ఈ తలుపు ముంగట. గిట్లనే వండుకున్నం. ఒకనాడు తలుపు తీసిండ్రు."

ఎవరూ నవ్వలేదు. అక్క కిందికి వేలాడేసిన కాళ్లను మంచం మీదికి తీసుకుంది.

"తీసినంక?" అని అడిగాడు దోస్తు, నన్ను కాదు, గోడ వైపు చూస్తూ.

"గడియ కదులుతున్న సప్పుడు," అన్నాను.

"పొయ్యి ఆర్పేస్తున్న," అంది అక్క. "ఆర్పేసిన. తమ్మీ, ఆర్పేసిన అని చెప్పు ఆమెకు."

అన్న సంచి ముడి విప్పుతున్నాడు. తనే గట్టిగా వేసిన ముడి, వేళ్లకు అందడం లేదు, పళ్లతో లాగాడు. పాచికను ఎప్పటిలా తన ముందు పెట్టుకోలేదు. బల్ల మీదుగా నా వైపు జరిపి, చెయ్యి చప్పున వెనక్కి తీసుకున్నాడు.

"నువ్వే ఎయ్యి," అన్నాడు.