తువాలుకు అంటిన పొగ

ఆ రోజు మా ఆయన మిరపకాయల కల్లంలో బస్తా ఎత్తబోయి ఆగిపోయాడు. రొమ్ము కింద, పక్కటెముకలు కలిసే చోట పిడికిలి అదిమిపట్టి ఆ బస్తా మీదే కూలబడ్డాడు. "ఏందయ్యా, ఏమైంది?" అంటే "ఏం లేదే, గ్యాసు" అన్నాడు. నాకు నమ్మకం కలగలేదు. ఎండకు పట్టే చెమట వేరు, ఆ మొహాన పట్టిన చెమట వేరు.

మాది నకరికల్లు దగ్గర ఒక ఊరు. నేను అంగన్‌వాడీ టీచర్‌ని. అనుమానం నా పుట్టుగుణం. పిల్లలకు వచ్చిన గుడ్లను కూడా నీళ్లలో వేసి, తేలలేదని చూసుకున్నాకే ఉడకబెడతాను. మా ఆయన నొప్పికి కూడా ఎవరెవరినో అనుమానించాను. పురుగుమందు కొట్టి చేతులు సరిగా కడుక్కోలేదేమో అనుకున్నాను. నరసరావుపేట వెళ్లినప్పుడల్లా తినే హోటల్ భోజనమేమో అనుకున్నాను. మానేశానన్న బీడీలు మళ్లీ మొదలుపెట్టాడేమోనని జేబులు కూడా వెతికాను. ఊళ్లో ఆర్‌ఎంపీ ఇంజెక్షన్లు, మెడికల్ షాపువాడిచ్చిన గులాబీరంగు సిరప్ కొన్నాళ్లు నడిచాయి. చివరికి ఒకరోజు పొద్దున్నే, విరేచనం తారులాగా నల్లగా అవుతోందని సిగ్గుపడుతూ చెప్పాడు. అప్పుడు నిజంగా భయం వేసింది.

నరసరావుపేటలో గ్యాస్ట్రో డాక్టర్ "ఎండోస్కోపీ చెయ్యాలి" అన్నారు. కమీషన్ కోసం రాస్తున్నాడేమోనని ఆయన్నీ అనుమానించాను. "నీ అనుమానం పాడుగాను, ఈయన్నన్నా నమ్మవే" అని మా ఆయన విసుక్కున్నాడు. పైపు వేసి చూస్తే కడుపులో అల్సర్, అందులోంచి బ్లీడింగ్. చిన్న ముక్క తీసి బయాప్సీకి పంపారు. రిపోర్టు వచ్చిన రోజు మళ్లీ వెళ్లాం.

"క్యాన్సర్ కాదమ్మా. కానీ కడుపు లోపలి పొర మారడం మొదలైంది. ఇంటెస్టినల్ మెటాప్లేసియా అంటాం. హెచ్ పైలోరీ ఇన్ఫెక్షన్ కూడా ఉంది. పట్టించుకోకపోతే ముందు ముందు రిస్కు" అని చెప్పి, ఏమేం తింటాడని అడిగారు డాక్టర్. నేను ఉప్పుకండం సంగతి చెప్పాను. మా వైపు వేటపోతును కోసినప్పుడు మిగిలిన మాంసాన్ని సన్నగా చీల్చి, ఉప్పూ పసుపూ పట్టించి, దారానికి గుచ్చి ఎండబెడతారు. మా ఆయన అక్క ఆదిలక్ష్మి వదిన అయితే దాన్ని కట్టెల పొయ్యి పైన తీగకు వేలాడదీసి పొగ కూడా పట్టిస్తుంది. పప్పుచారన్నంలోకి నిప్పుల మీద కాల్చిన ఆ ముక్క లేకపోతే మా ఆయనకు తిన్నట్టే ఉండదు.

"ఇదొక్కటే కారణమని నేను చెప్పలేను. కానీ అంత ఉప్పు, అంత పొగ ఈ కడుపుకి పనికిరావు. పూర్తిగా మానెయ్యాలి" అన్నారు డాక్టర్.

రెండు వారాలు యాంటీబయాటిక్స్, ఆ తర్వాత అల్సర్ మాత్రలు. ఇంట్లో మజ్జిగన్నం, కారం లేని సొరకాయ కూర. నొప్పి తగ్గింది. హమ్మయ్య అనుకునేలోపే మళ్లీ మొదలైంది. మాత్రలు నా చేత్తోనే వేస్తున్నాను కదా, మరి ఎందుకొస్తోంది? పైగా సాయంత్రం వాళ్ల అక్క ఇంటికి వెళ్లొచ్చిన రోజున అన్నం పెడితే "ఆకలి లేదే" అంటున్నాడు. ఒకరోజు ఉతకడానికి తీసిన తువాలు వాసన చూశాను. బీడీ వాసన కాదు, కట్టెల పొగ. మా ఇంట్లో వంట గ్యాసు మీద.

మర్నాడు సాయంత్రం చెప్పకుండా వదిన ఇంటికి వెళ్లాను. ఈయన పొయ్యి పక్కన పీట మీద కూర్చుని ఉన్నాడు. కంచంలో చారన్నం, దాని పక్కన కాల్చిన ముక్కలు.

"ఏంది వదినా ఇది?"

"ఏందంటే? నా తమ్ముడు ఎట్టా చిక్కిపోయాడో చూడు. ఆ సొరకాయ తిని నోరు చచ్చిపోయింది వాడికి. జరమొచ్చి లేచినోళ్లకి నోటికి రుచి తెలవాలని మా అమ్మ ఈ ముక్కే కాల్చి పెట్టేది. నేను వాడికి విషం పెడతానా?" అంటూ ఏడ్చేసింది.

ఆవిడ అబద్ధం చెప్పడం లేదు. మా వైపు అది రోగికి పెట్టే తిండి. "విషం అని నేనన్లా వదినా. నువ్వు పెడితే ఈయన వద్దనలేడు. నా భయమంతా అదే" అన్నాను.

ఆ వారమే మళ్లీ విరేచనం నల్లగా అయింది. హిమోగ్లోబిన్ పడిపోయిందని ఆసుపత్రిలో చేర్చుకుని రక్తం ఎక్కించారు. డాక్టర్ వదినను పక్కకు పిలిచి మళ్లీ అంతా వివరించారు. ఆవిడ అంతా విని తలూపింది. నాతో మాత్రం చానాళ్లు మాట మానేసింది.

ఇప్పుడు మా ఆయన బాగున్నాడు. మళ్లీ ఎండోస్కోపీ చేస్తే అల్సర్ మానిపోయిందన్నారు. మారిన పొర మాత్రం అలాగే ఉంది కాబట్టి, చెప్పినప్పుడల్లా వెళ్లి చూపించుకోవాలి. ఎప్పుడైనా తాజా మాంసం మెత్తగా ఉడికించి పెడుతున్నాను.

మొన్నామధ్య వదిన తమ్ముణ్ణి చూడటానికి వచ్చింది. అరుగు మీద నుంచి లేస్తూ లేస్తూ ఆగింది. పిడికిలి సరిగ్గా అదే చోట అదిమిపట్టుకుంది.

"వదినా, ఏందక్కడ?"

"ఏం లేదే, గ్యాసు."

నేను ఇంటికి తాళం వేసి ఆటో పిలిచాను. "నాకే రోగం లేదే, నీ అనుమానం తగలెయ్య" అని నరసరావుపేట దాకా తిడుతూనే ఉంది. అక్కడ పైపు వేసి చూస్తే ఆవిడ కడుపులోనూ అల్సర్ ఉంది. ఇంకా బ్లీడింగ్ దాకా రాలేదు. "మంచి టైములో తీసుకొచ్చారు" అన్నారు డాక్టర్.

ఇప్పుడు వదిన పొయ్యి పైన తీగ ఖాళీగా ఉంది. నేను వెళ్లగానే ముందు అటే చూస్తానని ఆవిడకు తెలుసు. "చూసుకో తల్లీ, కళ్లారా చూసుకో" అంటుంది.

చదివేవాళ్లకు ఒక్క మాట చెప్తాను. మీ ఇంట్లో ఎవరైనా రొమ్ము కింద చెయ్యి పెట్టుకుని మాటిమాటికీ "గ్యాసు" అంటుంటే నమ్మకండి. తిట్టినా సరే, ఆటో ఎక్కించండి.