ఒకే పీఠానికి ఇద్దరు బిషప్పులు

తొంభైల మొదట్లో నేను ఢిల్లీలోని బేర్ సరాయ్‌లో ఒక ఇరుకు గదిలో ఉంటూ, జర్మనీలోని ట్రియర్ అనే పాత నగరపు బిషప్పుల మీద పరిశోధన చేసేదాన్ని. ఒకరి తర్వాత ఒకరు ఆ పీఠం ఎలా ఎక్కారన్నది నా విషయం. నాకు లాటిన్ రాదు, జర్మన్ రాదు. మా గైడుగారికీ రావు. అందువల్ల మా మధ్య అభిప్రాయభేదాలు వచ్చేవి కావు.

ఆదివారాలు కంటోన్మెంటు దగ్గర ఒక స్కూలు హాల్లో జరిగే తెలుగు ప్రార్థనకు వెళ్లేదాన్ని. భక్తి ఉండేది. మెస్సులో రాజ్మా తిని తిని ఉన్నదాన్ని కనక, ప్రార్థనయ్యాక పెట్టే చేపల పులుసు మీద ఇంకొంచెం ఎక్కువ ఉండేది.

ఆ సంఘాన్ని నడిపించే పెద్దాయన రిటైరై కాకినాడ వెళ్లిపోయాడు. ఆయన స్థానానికి ఇద్దరు సిద్ధమయ్యారు. ఒకరు శ్రీకాకుళం నుంచి వచ్చిన మిలిటరీ సుబేదారుగారు, ఇంకొకరు ఏదో మంత్రిత్వశాఖలో సెక్షన్ ఆఫీసరుగా ఉన్న కరీంనగర్ ఆయన. ఇద్దరూ మంచివాళ్లే. ఇద్దరి ప్రార్థనలూ పొడుగే. చేతులెత్తించి చూస్తే సగం హాలు అటు, సగం హాలు ఇటు.

ఆ స్కూల్లో హిందీ చెప్పే టీచరు ఆంటీ మా సంఘంలోనే ఉండేది. హాలు తాళాలు ఆమె దగ్గరే.

"నువ్వు చదివేది అదే కదమ్మా. పూర్వం పెద్దల్ని ఎలా ఎన్నుకునేవారో నాలుగు మాటలు చెప్పు. వీళ్లకి కాస్త బుద్ధొస్తుంది" అంది నాతో.

నా పరిశోధన గురించి ఒక మనిషి అడగడం అదే మొదటిసారి. పొంగిపోయి రోమన్ల కాలం నుంచి ఎత్తుకున్నాను. పన్నెండో శతాబ్దానికి వచ్చేసరికి టీ తయారైంది.

"అప్పుడు ట్రియర్‌లో ఒకే పీఠానికి ఇద్దరిని ఎన్నుకున్నారు. ఇద్దరూ తామే బిషప్పులమన్నారు. ఒకరికి పోప్ అండ, ఇంకొకరికి చక్రవర్తి అండ" అని చెప్పి, మిగతాది వచ్చే వారానికి వాయిదా వేశాను.

మరుసటి వారం నేను వెళ్లేసరికి హాల్లో రెండు ఆరాధనలు జరుగుతున్నాయి. వేదిక వైపు సుబేదారుగారిది, గుమ్మం వైపు ఆఫీసరుగారిది. రెండు పాటలు, రెండు రాగాలు. మధ్య బెంచీల వాళ్లు ఏ పాటకు నోరు కదపాలో తెలియక అందరినీ చూసి నవ్వుతున్నారు.

"కథ ఇంకా అవలేదండీ!" అని అరిచాను. రెండు పాటలూ ఆగాయి.

"ఏటమ్మా, చివరికి ఎవరు నెగ్గారేటి?" అన్నారు సుబేదారుగారు.

"ఎవరూ నెగ్గలేదండీ. ఏళ్ల తరబడి కొట్లాడాక ఇద్దరినీ పక్కన పెట్టి, మూడో ఆయన్ని బిషప్పుని చేశారు."

"ఎవరాయన?" అన్నారు ఆఫీసరుగారు.

"చక్రవర్తి కార్యాలయంలో పెద్ద ఉద్యోగి."

ఆఫీసరుగారి ముఖం వెలిగిపోయింది. "అచ్ఛా! అట్లంటె సెంట్రల్ గవర్నమెంటే గదా!"

"చక్రవర్తికి అసలు బలమేటి? సైన్యమే కదా!" అన్నారు సుబేదారుగారు.

మళ్లీ పాటలు మొదలయ్యాయి. ఈసారి ఇంకా గట్టిగా.

ఆ తర్వాతి ఆదివారం హాలు తాళం వేసి ఉంది. డిసెంబరు చలిలో అందరం మెట్ల మీద నిలబడ్డాం. టీచరు ఆంటీ శాలువా కప్పుకుని తలుపుకు అడ్డంగా నిలుచుంది.

"ఠీక్ హై. ఇద్దరూ కలిసి ఒక్క పాట పాడండి. అప్పుడు తీస్తాను."

ఇద్దరూ చాలాసేపు మఫ్లర్లు సర్దుకున్నారు. చివరికి పళ్లు కొట్టుకుంటుండగా ఎలాగో ఒక పాట పాడారు. తలుపు తెరుచుకుంది. ముందు మీరు పదండి అనడానికి ఇద్దరికీ మనసొప్పక గుమ్మంలోనే ఆగిపోతే, ఆంటీ నేరుగా వెళ్లి వేదిక మీద ప్రసంగించే బల్ల వెనక నిలబడింది.

"ఈ ఒక్క వారానికే" అంది.

నేను ఢిల్లీలో ఉన్నన్నాళ్లూ ఆ వారం పూర్తి కాలేదు. ఇదంతా చెబితే మా గైడుగారు నవ్వి, థీసిస్‌లో మాత్రం పెట్టవద్దన్నారు. నన్ను మళ్లీ మాట్లాడమని సంఘంలో ఎవరూ అడగలేదు. సుబేదారుగారూ ఆఫీసరుగారూ మాత్రం ప్రాణస్నేహితులయ్యారు. ప్రతి ఆదివారం ఒకే బెంచీ మీద కూర్చుని, ఆంటీ ప్రసంగం మరీ పొట్టిగా ఉంటోందని ఒకరి చెవిలో ఒకరు చెప్పుకునేవారు.