ఫర్నేసుకి ఆయుధపూజ

ఇరవయ్యేళ్ల క్రితం రాజమండ్రిలోని ఓ కాలేజీలో పరిశోధన చేసేదాన్ని. అందరూ లిథియం వెంటపడితే, సోడియం బ్యాటరీలో ఎన్నిసార్లు ఛార్జి చేసినా పాడవని క్యాథోడ్ పదార్థం కోసం నేనొక్కదాన్నే తంటాలు పడేదాన్ని. ఎంతవరకు వచ్చిందని అడిగే దిక్కు కూడా లేదు.

దసరాకి హాస్టలంతా ఖాళీ. నెలల తరబడి కుస్తీపడితే చివరికి కుదిరిన నల్లటి పొడి ల్యాబులోని ఫర్నేసులో చల్లారుతోంది. తేమ తగిలితే అది పనికిరాదు. ఫర్నేసు తలుపు మూసి ఉంది కదా అని టీ తాగడానికి వెళ్లాను.

తిరిగొచ్చేసరికి ఫర్నేసుకి బంతిపూల దండ, కుంకుమ బొట్లు! వాచ్‌మన్ సూరిబాబుగారు తలుపు తెరిచి, మామిడాకుతో లోపల పసుపునీళ్లు చల్లుతున్నారు.

"అయ్యో, ఏంటండీ ఇది!" అని అరిచేశాను.

ఆయన బిత్తరపోయారు. "ఆయుధపూజ కదమ్మా! మిగతా మిషన్లకి ఎవరివి వాళ్లు చేసుకుని ఊళ్లకెళ్లిపోయారు. మీ దానికొక్కదానికే ఎవరూ చెయ్యలేదని..."

ఆయనిచ్చిన కొబ్బరిముక్క అక్కడే నిలబడి తిన్నాను. తడిసిన పొడి పారబోసి, మర్నాడు మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టాను.

ఆ ఫర్నేసు మీది బొట్లు మాత్రం, అక్కడ ఉన్నన్నాళ్లూ తుడవలేదు.